వెలుతురు చూసుకో, మనుషుల రంగు జోలికి పోకు

చిరంజీవి వంశీకి,

మేనత్త ఆశీస్సులు. నువ్వు పంపిన సంక్రాంతి ఫోటోలన్నీ తీరుబడిగా కూర్చుని చూశాను. ఎలా ఉన్నాయో మొహమాటపడకుండా చెప్పమన్నావు కాబట్టి అలాగే రాస్తున్నా. ఫోన్లో చెప్తే సగం వింటావు, సగం ఊఁ కొడతావు. అందుకే ఉత్తరం.

నీకు కన్నుంది. గంగిరెద్దు తల ఊపగానే ఆ పిల్ల బెదిరి వాళ్లమ్మ కొంగు పట్టుకోవడం దొరికించుకున్నావు చూడు, అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. గొడవంతా తీశాక నువ్వు యాప్‌లో చేస్తున్న పనితోనే. మీ నాయనమ్మ ఫోటో చూసి ఎవరా అనుకున్నాను. ఎనభై దాటిన మనిషి మొహాన ఒక్క ముడత లేదు. చామనఛాయ మనిషి తెల్లగా తేలిపోయింది. ఆ సంగతి తర్వాత చెప్తా. ముందు తీయడం గురించి.

కొన్ని ఫోటోల్లో దీపాల చుట్టూ పొగమంచులా ఉంది. అది ఫోన్ తప్పు కాదు, అరిసెలు తిన్న చేతులది. లెన్స్ మీద నూనె వేలిముద్ర ఉంటే వెలుతురు చెదిరిపోతుంది. మెత్తటి నూలు గుడ్డతో తుడిచి తీయి.

భోగిమంట ఫోటోలో మంట తెల్లటి ముద్దయిపోయింది. ఎందుకంటే తెల్లవారుజామున చుట్టూ ఉన్న చీకటంతా చూసి, వెలుతురు చాలడం లేదని ఫోన్ మొత్తం ఫోటోని పెంచేసింది. ఈసారి తెర మీద మంట అంచున వేలు పెట్టి కాసేపు అలాగే నొక్కి ఉంచు. ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. పక్కన కనిపించే సూర్యుడి గుర్తుని కిందికి లాగు, మంటలో నారింజ రంగు కనిపించేదాకా. చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు కొంచెం మసకగా వచ్చినా కంగారుపడకు. మసకలో ఉన్నదాన్ని తర్వాత కొంత పైకి తేవచ్చు గానీ, పూర్తిగా తెల్లబడిపోయిన చోట ఫోటోలో ఏమీ మిగలదు. ఏ యాప్ వేసినా రాదు.

మీ నాన్న ఫోటోలో దీనికి సరిగ్గా తిరగబడింది. తెల్ల లాల్చీ, తెల్ల పంచె, వెనక కొత్తగా సున్నం వేసిన గోడ. ఇంత తెల్లదనం చూసి ఫోన్ వెలుతురు తగ్గించేసింది, మనిషి మొహం నల్లబడింది. కెమెరాకి తెలుపూ తెలియదు, నలుపూ తెలియదు. ఎదురుగా ఏమున్నా మొత్తం మీద మధ్యరకం బూడిద రంగంత వెలుతురు ఉండాలనుకుంటుంది. కాబట్టి తెల్లటివి ఎక్కువున్నప్పుడు గుర్తుని పైకి లాగాలి, చీకటి ఎక్కువున్నప్పుడు కిందికి. పైకి లాగేటప్పుడు పంచె మడతలు కనబడుతున్నాయా లేదా చూసుకుంటూ ఉండు. మడతలు మాయమయ్యాయంటే ఎక్కువైనట్టు.

ముగ్గు మాత్రం పొద్దున్నే తీయాలి, పిల్లలు తొక్కేలోపు. ఎండ ఏటవాలుగా పడితే గీత గీతకీ చిన్న నీడ వచ్చి పిండి లేచినట్టు కనిపిస్తుంది. నడినెత్తి ఎండలో చదునైపోతుంది. మీ డాబా పిట్టగోడ మీంచి నిలువుగా కిందికి తీస్తే చుక్కలు వంకరపోవు. సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు, అంటే తెర మీద నిలువూ అడ్డం గళ్లు, పెట్టుకో.

ఇక అందరూ కలిసిన ఫోటో. పన్నెండు గంటలకి వాకిట్లో నిలబెట్టావు. అందరి కళ్ల కిందా నీడ గుంటలు, సగం మంది కళ్లు చికిలించారు. అదే జనాన్ని నాలుగడుగులు లోపలికి, వసారాలోకి తెచ్చి, మొహాలు బయటి వైపు తిప్పి నిలబెడితే చాలు. బయటి వెలుతురు మెత్తగా మొహాల మీద పడుతుంది. అందరూ పట్టడం లేదని ఎక్కువ వెడల్పు చూపించే అల్ట్రావైడ్ లెన్స్‌కి వెళ్లకు. అది అంచుల్లో ఉన్నవాళ్లని సాగదీస్తుంది. మీ బాబాయి అసలే భారీ మనిషి, పాపం చివర్లో నిలబడ్డాడు. నువ్వే వెనక్కి నడువు. మరీ తప్పకపోతే సన్నటివాళ్లని అంచుకి పంపు.

ఒక్కరినే తీసేటప్పుడు కూడా మీదికెళ్లి తీయకు. జూమ్ లేని మామూలు 1ఎక్స్‌లో దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. 2ఎక్స్ జూమ్ పెట్టి రెండడుగులు వెనక్కి వేయి.

భోగిపళ్లు పోసేటప్పుడు తీసినవన్నీ చెదిరాయి. ఇంట్లో వెలుతురు తక్కువ కావడంతో ఫోన్ ఎక్కువసేపు వెలుతురు పోగుచేసే నైట్ మోడ్‌లోకి పోయి ఉంటుంది. కదలనివాటికైతే అది బంగారం. రేగిపళ్లు జారుతుంటే, పిల్లాడు తల విదిలిస్తుంటే దానివల్ల కాదు. అది ఆపి, పీట కిటికీ పక్కకి జరిపించు. అన్నీ చేత్తో మార్చుకునే ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/250 పెట్టు, అంటే సెకనులో 250వ వంతే వెలుతురు తీసుకుంటుంది. ఫోటోలో ఇసుక చల్లినట్టు ఎంత నాయిస్ వచ్చినా రానీ. పళ్లు గాల్లో ఆగి ఉన్న ఫోటో కోసం వరసగా నొక్కుతూ పో, ఒక్కటి దొరికితే చాలు. కొన్ని ఫోటోల్లో అడ్డంగా నల్లటి చారలు వచ్చాయి కదా, అవి లైట్లవల్ల. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో కొన్ని లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుతాయి. మన కంటికి తెలియదు, ఫోన్‌కి తెలుస్తుంది. ఆ లైట్ల కింద తీయాల్సి వస్తే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టు, చారలు పోతాయి. అందుకే పిల్లల దగ్గర కిటికీ వెలుతురే మేలంటున్నా.

హరిదాసు ఫోటో బాగుంది. కాకపోతే ముందు గిన్నెలో బియ్యం పోసి, అడిగి, తర్వాత ఫోన్ తీయి. మొహం మీదికి ఫోన్ పెట్టేస్తే ఎవరికైనా చిరాకే.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా. ఎడిటింగ్ అనేది నీ తరంలో పుట్టిందనుకోకు. తెనాలిలో మీ మామయ్య స్టూడియో నడిపిన రోజుల్లో టచింగ్ పని నాదే. నెగెటివ్‌ని కింద దీపమున్న అద్దం మీద పెట్టి, పెన్సిల్ పట్టడానికి పల్చగా మందు రాసి, సూదిలా చెక్కిన మొనతో చుక్కలు పెట్టేదాన్ని. ముడత నీడ నెగెటివ్‌లో పల్చగా ఉంటుంది. అక్కడ పెన్సిల్ చుక్క పడితే కాంతి కొంచెం ఆగి, ప్రింటులో ఆ నీడ తేలికవుతుంది. అందులో మాకు ఒక లెక్క ఉండేది. వారం తిరిగేసరికి పోయేది తీసెయ్యొచ్చు, మనిషితో ఉండిపోయేది ఉంచాలి. మొటిమ తీసేస్తాం, పుట్టుమచ్చ తీయం. ముడత తగ్గిస్తాం, చెరపం. నీ యాప్‌లో మచ్చలు చెరిపే హీలింగ్ వాడేటప్పుడు ఇదే లెక్క పెట్టుకో.

పెళ్లిచూపుల ఫోటోలకి వచ్చినవాళ్లు "పిల్లకి కాస్త రంగు తేల్చండి" అనేవాళ్లు. మీ మామయ్య నెగెటివ్ ముట్టుకోనిచ్చేవారు కాదు, పిల్లని మళ్లీ కూర్చోబెట్టి లైటు మార్చేవారు. ఒక పక్కనుంచి దీపం, రెండో పక్క తెల్లట్ట. నల్లటి చర్మం మీద పక్కనుంచి వెలుతురు పడితే వచ్చే నిగారింపు ముందు ఏ తెల్లపూతా నిలవదు. మీ నాయనమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టి, రెండో వైపు ఒక థర్మాకోల్ షీటో, తెల్ల దుప్పటో పట్టుకుని చూడు. నీడలు వాటంతటవే మెత్తబడతాయి. ఇక బ్యూటీ మోడ్ తెరవాల్సిన పనే ఉండదు. అది కెమెరాలో ముందే ఆన్‌లో ఉంటుంది చాలా ఫోన్లలో, వెళ్లి ఆపెయ్.

ఎడిటింగ్‌కి స్నాప్‌సీడ్ యాప్ వాడుతున్నావు కదా, మంచిదే. ముందు క్రాప్, వంకర సరిచేయడం. తర్వాత వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేయడం. వసారా నీడలో తీసినవి నీలంగా వస్తాయి, ఎందుకంటే అక్కడ పడేది ఆకాశం వెలుతురు. కొంచెం వెచ్చదనం పెంచు, తెల్లచీర తెల్లగా కనిపించేదాకా. కానీ దీపం వెలుగులో తీసిన బొమ్మలకొలువుని అలా తెల్లబరచకు, ఆ పసుపే దాని అందం. ఆ తర్వాత హైలైట్స్ (వెలుగు చోట్లు) కొంచెం తగ్గించి, షాడోస్ (నీడ చోట్లు) కొంచెం పెంచు. మొహం ఒక్కటే మసకగా ఉంటే మొత్తం ఫోటో పెంచొద్దు. సెలెక్టివ్ అనే పనిముట్టులో మొహం మీద చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధి సరిచేసి, అక్కడ మాత్రమే పెంచు. రంగులు చిక్కబరిచే శాచురేషన్ పెంచితే ముందు చెడేది చర్మం రంగు. లైట్‌రూమ్ అనే ఇంకో యాప్‌లో అయితే వైబ్రెన్స్ అని ఉంటుంది, అది చర్మం జోలికి అంతగా పోదు. గీతలూ గరుకూ ఎత్తిచూపే స్ట్రక్చర్ ముగ్గులకీ ఇత్తడి సామానుకీ బాగుంటుంది గానీ మొహాలకి వద్దు.

ఎండలో కూర్చుని ఎడిట్ చేయకు. తెర సరిగ్గా కనబడక ఎక్కువ పెంచేస్తావు. రాత్రి కళ్లకి హాయిగా ఉండే పసుపు తెర ఉంటుందే, అది కూడా ఆపు. అయ్యాక తెల్లారి ఇంకోసారి చూడు, సగం మార్పులు నువ్వే వెనక్కి తీసేస్తావు. ఒరిజినల్ ఎప్పుడూ అలాగే ఉంచు.

నాకు పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపకు, కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపు. 4×6 అంగుళాల ప్రింటుకి 1200×1800 పిక్సెళ్లు ఉంటే ఇబ్బంది లేదు. గోడకి పెట్టే 12×18 అదే నాణ్యతలో కావాలంటే 3600×5400 కావాలి, దూరం నుంచి చూసేదే కాబట్టి కొంత తక్కువైనా నడుస్తుంది. కాగితం మీద ఫోటో తెర మీదకంటే కొంచెం నల్లగా వస్తుంది, ప్రింటుకి ఇచ్చేముందు వెలుతురు ఒక పిసరు పెంచి ఇవ్వు. నచ్చినవాటికి ఫోన్‌లో ఒకటి, హార్డ్ డిస్క్‌లో ఒకటి కాపీ ఉంచు. గూగుల్ ఫోటోస్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో నీ జీమెయిల్ కూడా ఉంటుంది, త్వరగా నిండిపోతుంది. ఫైల్ పేరులో ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని రాయి. మేం ప్రింట్ల వెనక పెన్సిల్‌తో రాసేవాళ్లం.

కెమెరా కొనమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దు. పైన చెప్పినవి చేసి చూడు, ఫోన్ ఎక్కడ చాలడం లేదో నీకే తెలుస్తుంది. అప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చూద్దాం. కొనేముందు లెన్స్ గుండా టార్చి వేసి రెండో వైపునుంచి చూడు. లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే బూజు పట్టినట్టు, ఎంత చవకైనా వద్దు. మన కోస్తా తేమకి అది త్వరగా పడుతుంది. తెచ్చుకున్నాక కూడా తోలు సంచిలో మూసిపెట్టకుండా, గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచాలి. ఏసీ గదిలోంచి తీసి నేరుగా బయటి ఉక్కలోకి తీసుకెళ్తే లెన్స్ చెమరుస్తుంది. కాసేపు సంచిలోనే ఉంచి తర్వాత తీయి.

మీ నాయనమ్మ ఫోటో ఒరిజినల్ ఈ ఆదివారంలోగా పంపు. ముడతలున్నదే.

ఇట్లు,
మీ అత్త