ఇసుక బస్తాలతో వరద నీటిని గుమ్మం దగ్గర ఆపవచ్చా?

అడుగు, అడుగున్నర నీరైతే ఆపవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినంత నీరైతే బస్తాలను నమ్ముకోవద్దు. కరెంటు మెయిన్ ఆపేసి బయటపడటమే మేలు.

చాలామంది బస్తాను నిండుగా నింపి మూతి బిగించి కడతారు. అప్పుడది గుండ్రంగా, గట్టిగా ఉండి పక్క బస్తాతో కలవదు, సందుల్లోంచి నీరు వచ్చేస్తుంది. సగానికి కాస్త ఎక్కువగా నింపి, మూతిని కిందికి మడిచి పరవండి. ఇటుక గోడలాగే పై వరస బస్తా కింది రెండింటి అతుకు మీద కూర్చోవాలి. ప్రతి వరసనూ కాళ్లతో బాగా తొక్కాలి. అడుగున వెడల్పు ఎత్తుకు మూడు రెట్లు ఉంటే మంచిది. నీటి లోతు రెట్టింపైతే అడ్డుగోడ మీద పడే తోపుడు నాలుగు రెట్లవుతుంది మరి! నీరొచ్చే వైపు టార్పాలిన్ కప్పి, దాని కింది అంచు మీద ఒక వరస బస్తాలు పెట్టండి.

ఇంత చేసినా కొంత ఊట తప్పదు, లోపల చిన్న పంపు ఉంచుకోండి. దాని వైర్లు, స్విచ్చులు నీటికి అందకూడదు.

గుమ్మం ముందు ఎంత కట్టినా బాత్రూమ్‌ను మరిచిపోతే అంతా వృథా. డ్రైనేజీ నీరు వెనక్కి తన్ని అక్కడి నుంచే ఇంట్లోకి వస్తుంది. ప్లాస్టిక్ సంచిలో ఇసుక నింపి కమోడ్‌లో, నేల మీది జాలీ మీద బరువుగా పెట్టండి.