ఉద్యోగం కంటే ముందు లైను రేటు తగ్గింది

ఏఐ నిజంగా ఉద్యోగాలు తీసేస్తుందా, ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య తేడా పెంచుతుందా అని అడిగారు. నాకు ఈ అనుభవం 2011లోనే ఎదురైంది. అప్పట్లో దాన్ని ఏఐ అనేవాళ్లు కాదు.

డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు చేసి, హైదరాబాదులోనే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో చేరాను. అమెరికా డాక్టర్లు పేషెంట్ల గురించి చెప్పిన మాటలు రికార్డయి వచ్చేవి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాలి కింద పెడల్‌తో ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ టైప్ చేయాలి. జీతం లైన్ల లెక్క. ఖాళీలతో కలిపి 65 అక్షరాలైతే ఒక లైను. రెండేళ్లకు ఎవరు ఏ యాసలో గొణిగినా నాకు అర్థమయ్యేది. ఆ డబ్బుతోనే తమ్ముణ్ణి ఇంజినీరింగ్ చదివించాం.

తర్వాత స్పీచ్ రికగ్నిషన్ వచ్చింది. సాఫ్ట్‌వేరే టైప్ చేస్తుంది, మీరు తప్పులు దిద్దితే చాలన్నారు. ఎవరినీ తీసేయలేదు. లైను రేటు మాత్రం సగం చేశారు. దిద్దడం తేలిక అని వాళ్ల లెక్క. కానీ ఆడియో మొత్తం వినకుండా దిద్దేదెలా? డాక్టరు 'హైపర్‌టెన్షన్' అంటే ఒక్కోసారి సాఫ్ట్‌వేర్ 'హైపోటెన్షన్' అని రాసేది. బీపీ ఎక్కువ కాస్తా తక్కువైపోతుంది. వాక్యం మాత్రం చక్కగానే ఉంటుంది, కళ్లతో చదివితే దొరకదు. మనం వదిలేస్తే అక్కడ ఒక మనిషి ప్రాణం మీదికి రావచ్చు. బాధ్యత అలాగే ఉంది, డబ్బు సగమైంది. పాత జీతం అందుకోవాలంటే రోజూ రెట్టింపు లైన్లు చేయాలి. ఆ టెన్షన్‌లో ఎన్నో రాత్రులు ఇంటికి ఏడుస్తూ వచ్చాను. పైగా మేం దిద్దిన ఫైళ్లతోనే ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా మెరుగయ్యేది.

ఇప్పుడైతే డాక్టరూ పేషెంటూ మాట్లాడుకుంటుండగానే ఏఐ విని నోట్సు రాసేస్తోంది. ఈ రంగంలో పెద్ద పేరున్న న్యూయాన్స్ కంపెనీని సుమారు 1,970 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ 2021లో ప్రకటించింది. మాలాంటి వాళ్ల రేట్లు తగ్గించి మిగిల్చిన డబ్బు ఎటు చేరుతోందో దీన్నిబట్టి చూడండి. ప్రపంచంలో దాదాపు 40 శాతం ఉద్యోగాలపై ఏఐ ప్రభావం ఉంటుందని, అసమానతలు పెరిగే అవకాశమే ఎక్కువని ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) 2024 జనవరిలో చెప్పింది. నాకది కొత్త విషయంలా అనిపించలేదు.

నేను మెడికల్ కోడింగ్‌కు, అంటే బిల్లుల కోసం రోగాలకూ చికిత్సలకూ కోడ్లు వేసే పనికి మారాను. ఇక్కడా కోడ్లు సూచించే ఏఐ వచ్చేసింది.

మీ ఆఫీసులో ఏఐ పెడుతున్నారంటే, ఉద్యోగం ఉంటుందా అని మాత్రమే అడిగి ఊరుకోకండి. రేటు ఎంత, టార్గెట్ ఎంత, తప్పు జరిగితే ఎవరిది బాధ్యత, ఇవి కాగితం మీద రాసిమ్మనండి. ఒక్కరే కాదు, అందరూ కలిసి అడగండి. మా లైను రేటు సగం చేసిన రోజు మా షిఫ్టులో నలభై మందిమి ఉన్నాం, ఒక్కరమూ నోరు తెరవలేదు.