బుడ్డలు మానేసి బిస్కెట్లు తింటే కొలెస్ట్రాల్ తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. తాడిపత్రిలో కిరాణా అంగడి ఉంది. ఆరేళ్ల కిందట కొలెస్ట్రాల్ ఎక్కువుందంటే నెయ్యి, గుడ్డు, ఆఖరికి మా చేలో పండిన బుడ్డలు (వేరుశనగ) కూడా మానేసినాను. పొద్దున టీలోకి రస్కులు, సాయంత్రం బిస్కెట్లు, రెండు పూటలా అన్నం తింటాను. ఈమధ్య పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 158, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) 262, మూడు నెలల షుగర్ 6.2 వచ్చినాయి. డాక్టర్ మాత్ర రాసినారు. మా అబ్బాయేమో ఫోన్‌లో వీడియోలు చూపించి, కొవ్వుతో గుండెజబ్బు రాదు, నెయ్యి బాగా తిను, మాత్ర ఆపెయ్ అంటున్నాడు. ప్రభుత్వం నూనె 10 శాతం తగ్గించమంటోంది. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు మాత్ర సంగతి. మీ డాక్టర్‌ని అడగకుండా దాన్ని ఆపకండి. వీడియోలో మాట్లాడే మనిషి మీ రిపోర్టు చూడలేదు.

మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించింది బుడ్డలు పోయి రస్కులు రావడం. అందులో మీ తప్పు లేదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో నేనూ చీటీ మీద ‘నెయ్యి, నూనె, గుడ్డు, వేరుశనగ వద్దు’ అని రాసి పంపేవాణ్ణి. వాటి బదులు ఏం తినాలో రాయలేదు. ఆకలి ఊరుకోదు కదా. ఆ జాగాలోకి తెల్లన్నం, మైదా, చక్కెర వచ్చాయి. మీ ట్రైగ్లిజరైడ్లు, షుగర్ పెరగడంలో వీటి చెయ్యి పెద్దదే అయి ఉంటుంది.

ఈ గందరగోళం ఇప్పటిది కాదు. యాన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1958లో ఏడు దేశాల్లో మొదలుపెట్టిన అధ్యయనంలో, వెన్న, మాంసం వంటి వాటిలో ఉండే సంతృప్త కొవ్వు ఎక్కువ తినే చోట గుండెపోట్లు ఎక్కువ కనిపించాయి. 1961లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ కొవ్వు తగ్గించి, బదులు గింజల నూనెలు వాడమంది. ప్రచారం జనం దాకా వచ్చేసరికి ‘బదులు’ అన్న మాట జారిపోయి, ‘కొవ్వు చెడ్డది’ అన్నదే మిగిలింది. కంపెనీలు కొవ్వు తీసేసి, చక్కెర కలిపి అమ్ముకున్నాయి. 2006లో అమెరికాలోనే సుమారు 49 వేల మంది మహిళల మీద జరిగిన పరిశోధన ఫలితం వచ్చింది. ఎనిమిదేళ్లపాటు మొత్తం కొవ్వు తగ్గించి తిన్నా గుండెజబ్బులు చెప్పుకోదగినంత తగ్గలేదు. అక్కడి 2015-20 ఆహార మార్గదర్శకాల్లో, తిండిలో వచ్చే కొలెస్ట్రాల్‌కు పెట్టిన రోజుకు 300 మిల్లీగ్రాముల హద్దును కూడా తీసేశారు.

మీ అబ్బాయి చూసిన వీడియోలు ఇక్కడిదాకా చెప్పి ఆగిపోతాయి. అవే మార్గదర్శకాలు సంతృప్త కొవ్వు రోజు క్యాలరీల్లో 10 శాతం దాటకూడదన్న హద్దును అలాగే ఉంచాయని చెప్పవు. పుట్టుకతోనే ఎల్‌డీఎల్ బాగా ఎక్కువుండే కుటుంబాల్లో చిన్న వయసులోనే గుండెపోటు వస్తుందన్నదీ చెప్పవు. ఎల్‌డీఎల్ రక్తనాళాల గోడల్లో చేరి పూడిక తెస్తుంది. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

కాబట్టి బుడ్డలు మళ్లీ మొదలుపెట్టండి. రోజూ ఒక గుప్పెడు, ఉప్పు లేకుండా వేయించినవో ఉడకబెట్టినవో, బిస్కెట్ల జాగాలో తినండి, వాటితో పాటు కాదు. వేరుశనగ కొవ్వులో సంతృప్త కొవ్వు ఐదో వంతు మించదు. పామాయిల్‌లో దాదాపు సగం, నెయ్యిలో 60 శాతం పైన ఉంటుంది. అందుకే నెయ్యి మీకు పప్పన్నంలోకి ఒక చిన్న చెంచా చాలు. రాత్రి అన్నం తగ్గించి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర పెట్టుకోండి.

నూనె విషయంలో ప్రభుత్వం మాట సరైనదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, 2000 క్యాలరీల తిండికి నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకు 27 గ్రాములు చెప్పింది. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. నెలసరుకు కట్టేటప్పుడు ఒక్కో ఇంటికి ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయో మీకు నాకన్నా బాగా తెలుసు. మీ ఇంట్లో ప్యాకెట్ కత్తిరించిన రోజు తేదీ దానిమీద రాయండి. నలుగురికి లీటరు ప్యాకెట్ ఎనిమిది రోజులు రావాలి. ఐదు రోజులకే అయిపోతే నూనె ఎక్కడ పోతోందో పొయ్యి దగ్గరే తెలిసిపోతుంది.

గానుగ నూనె అయితే ఎంతైనా పోసుకోవచ్చని మన అనంతపురం వైపు గట్టి నమ్మకం. వాసన, రుచి బాగుంటాయి, నాకూ ఇష్టమే. కానీ గానుగదైనా రిఫైన్డ్ అయినా గ్రాముకు 9 క్యాలరీలే.

ఉగ్గాని (బొరుగులతో చేసే మన టిఫిన్) మానక్కర్లేదు. పక్కన తినే బజ్జీతోనే ఇబ్బంది. పొద్దుటి నుంచి మరిగి నల్లబడిన నూనెలో వేసింది వద్దు. 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకు చేటు చేసే ఒక రకం కొవ్వు) 2 శాతం మించకూడదని నిబంధన ఉంది. అయినా వనస్పతి మీ ఇంట్లోకి రానివ్వకండి.

మూడు నెలల తర్వాత పరీక్షలు మళ్లీ చేయించుకోండి. థైరాయిడ్ కూడా చూపించుకోండి, అది మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది. వెళ్లేటప్పుడు మీ అబ్బాయిని వెంట తీసుకెళ్లండి. తండ్రికి కొలెస్ట్రాల్ ఎక్కువున్నప్పుడు, 20 దాటిన కొడుకు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.