ఒడిశా సరిహద్దులో తెలుగు టీవీ రాజకీయ విలేకరి వృత్తి ఎలా ఉంటుంది?

పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతున్న ఒక తెలుగు విద్యార్థి ఈ ప్రశ్న అడిగారు. ఇక్కడ చాలామంది కంట్రిబ్యూటరుగానే మొదలుపెడతారు. అంటే స్థిరమైన నెలజీతం ఉండదు, ప్రసారమైన వార్తకు ఇంత అని లెక్క కడతారు. తెలుగు, ఒడియా రెండూ తడుముకోకుండా రావాలి.

కొరాపుట్ జిల్లాలోని కొటియా ఈ వృత్తికి అసలైన పరీక్ష. అక్కడి 21 గ్రామాలపై రెండు రాష్ట్రాల వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకు చేరింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ మూడు పంచాయతీలకు ఎన్నికలు జరిపినప్పుడు ఒడిశా మళ్ళీ కోర్టుకెక్కింది. ప్లాస్టిక్ కవరులోంచి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ తీసి చూపే గిరిజనుడి ముందు మైకు పెట్టినప్పుడు, "నీది ఏ రాష్ట్రం?" అని కాక, ఏ కార్డుతో బియ్యం అందుతున్నాయో, ఏ ఆసుపత్రి దగ్గరో అడగగలిగినవారే మంచి విలేకరులని నా గట్టి నమ్మకం. ఆపైన ఇరువైపుల అధికారుల వివరణా తీసుకోవాలి. ఒకవైపు మాటే పంపితే అది వార్త కాదు, పక్షపాతం. సిగ్నల్ కోసం గుట్టెక్కి దృశ్యాలు పంపే ఓపిక కూడా కావాలి. అనుభవం, పేరు వచ్చాక భువనేశ్వర్, విశాఖ, హైదరాబాద్ డెస్కులకు వెళ్ళే అవకాశం ఉంటుంది. అంతవరకు కుటుంబ పోషణకు మరో ఆదాయ మార్గం తప్పనిసరిగా చూసుకోండి.