ప్రశ్నల బ్యాంకు పెట్టబోతున్న మా చిన్నాకి

ఒరేయ్ చిన్నా,

బ్రాడీపేటలో రూము తీసుకుని ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్ పరీక్షల యాప్ పెడుతున్నావట, అక్క ఫోన్ చేసి చెప్పింది. గర్వంగానే ఉంది, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. ఉద్యోగం మానేసినందుకు మీ అమ్మ ఎలాగూ తిట్టేసి ఉంటుంది, నేను వేరేదానికి తిడతాను.

జీఎస్‌టీ, ఖాతాలు ఆడిటర్‌కి అప్పజెప్పు. సర్వర్ల సంగతి నీకే బాగా తెలుసు.

నా టెన్షనంతా ప్రశ్నల గురించే. గవర్నరుపేటలో నేను పనిచేసిన కోచింగ్ సెంటర్‌లో లెక్చరర్లు రాసిచ్చిన ప్రశ్నలు బీరువాల నిండా ఉండేవి. తెలుగు మీడియంవి 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లలో కొట్టించారు, అప్పట్లో బెజవాడ ప్రెస్సుల్లో నడిచింది అదేగా. తర్వాత మా ఓనరు ఎవరిదో డెమో చూసి మురిసిపోయి అన్నీ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేశాడు. మా ప్రశ్నలు మాకు ఏ రూపంలో తిరిగిస్తారయ్యా అని మాత్రం అడగలేదు. రేటు దగ్గర గొడవై బయటికొచ్చేసరికి వాళ్లు చేతిలో పెట్టింది పీడీఎఫ్‌లు! సమీకరణాలన్నీ బొమ్మలు. ఏది జవాబో, ఏ చాప్టరో, ఎన్ని మార్కులో ఏదీ లేదు. పాత ఫైళ్లున్నాయి కదా అని తెరిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగుకి బదులు ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ. మరి 'అను' ఫాంటు తెలుగు అక్షరాల ముక్కల్ని కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలకున్న నంబర్ల మీదే కూర్చోబెడుతుంది, యూనికోడ్‌లోలాగా తెలుగు అక్షరానికి సొంత నంబరు ఉండదు. కన్వర్టర్‌లో వేస్తే సగం ఒత్తులు ఎగిరిపోయాయి. రిటైరైన కెమిస్ట్రీ మాస్టారొకాయన పాత ప్రింట్లు పక్కన పెట్టుకుని ఒక్కోటీ దిద్దేవారు. కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంటూ, "ఇవి నేను ఒకసారి రాసినవే కదమ్మా" అనేవారు. ఆయనకేం చెప్పను?

అందుకే ప్రశ్నల్ని మొదటి రోజు నుంచీ క్యూటీఐ పద్ధతిలో దాచు, అంటే పరీక్ష ప్రశ్నల్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మార్చుకోవడానికి అందరూ ఒప్పుకున్న ఫార్మాట్. ప్రశ్న, ఆప్షన్లు, జవాబు, మార్కులు అన్నీ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో, అంటే ఏది ఏమిటో ట్యాగులతో గుర్తు పెట్టిన మామూలు టెక్స్ట్‌లో ఉంటాయి, క్యూటీఐ తెలిసిన ఎవరి సాఫ్ట్‌వేర్ అయినా చదువుకోవచ్చు. దాన్ని చూసుకునే ఐఎంఎస్ గ్లోబల్ అనే సంస్థ 2022లో వన్ఎడ్‌టెక్‌గా పేరు మార్చుకుంది, క్యూటీఐ 3.0 వెర్షన్ కూడా ఆ ఏడాదే వచ్చింది. సమీకరణాలు వాటిని బొమ్మగా కాక టెక్స్ట్‌గా రాసే మ్యాథ్‌ఎమ్‌ఎల్‌లోనే రాయించు, బొమ్మలు పెట్టావంటే ఊరుకోను. మ్యాథ్‌ఎమ్‌ఎల్ 1998 నుంచీ ఉన్నదే. ఏదైనా కాలేజీ తన మూడుల్‌లోంచే (ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్) నీ పరీక్ష తెరవాలంటే, ఆ రెండింటినీ కలిపే ఎల్‌టీఐ 1.3 పెట్టుకో, పిల్లలకు ఇంకో పాస్‌వర్డ్ అక్కర్లేదు, మార్కులూ వాళ్ల రిజిస్టర్లోకి వెళ్తాయి. ఆన్‌లైన్ పాఠాల్ని ప్యాక్ చేసే స్కార్మ్ పద్ధతి పాఠాలకు సరే, ప్రశ్నల బ్యాంకుని మాత్రం అందులో ఇరికించకు.

"క్యూటీఐ సపోర్ట్ ఉంది" అని బ్రోషర్‌లో రాసినంత మాత్రాన నమ్మేయకు. జతపరచండి, పటం, సమీకరణం, తెలుగు ఒత్తులు ఉన్న ప్రశ్నలు ఓ ఇరవై ఎక్కించి, బయటికి తీసి, టావో అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూడు. జవాబు గుర్తు నిలిచిందో లేదో అక్కడే తేలిపోతుంది.

నువ్వు సాఫ్ట్‌వేర్ తీసుకోబోయే వెండర్ అగ్రిమెంట్ పట్టుకుని ఆదివారం బెజవాడ రా. మనం మానేసిన రోజు ఏమేం ఇస్తారో రాసిన పేజీ నేను చదవాలి. అంతలోపే సంతకం పెట్టావో, మీ అమ్మకన్నా ముందు నేనే గుంటూరు బస్సెక్కుతా. గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను, ఖాళీ సీసా తీసుకురా.

మీ పిన్ని