డాక్టర్ సలహా: ఇన్సులిన్ వేస్తున్నా షుగర్ దిగట్లేదు, మందు నకిలీదా?

ప్రశ్న: మా అమ్మ వయసు 62. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మూడు నెలల నుంచి పొద్దున, రాత్రి ఇన్సులిన్ వేస్తున్నాం. అయినా పరగడుపున 260కి తగ్గడం లేదు. మా దగ్గరి మెడికల్ షాపులో ఇన్సులిన్ సీసాలను పెరుగు ప్యాకెట్లు, కూల్‌డ్రింకులతో కలిపి ఒకే ఫ్రిజ్‌లో పెడతారు. కరెంటు పోతే గంటల తరబడి రాదు. మందు చెడిపోయిందా, నకిలీదా? మంచి మెడికల్ షాపును ఎట్లా గుర్తుపట్టాలి? మోకాళ్ల నొప్పులకు కూడా అక్కడే పొట్లం కట్టి ఇచ్చే గోలీలు వాడుతోంది. వాటితో మంచిగనే ఉంది.
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ఇన్సులిన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పొట్లం గురించి చెప్పాలి. చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఎన్నాళ్లుగా వాడుతున్నారో, రోజుకు ఎన్నిసార్లో రాయలేదు.

మన నల్గొండ జిల్లాలో కీళ్ల నొప్పులు కొత్త కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఇప్పటికీ నొప్పులతోనే ఉన్నారు. పొట్లాలకు గిరాకీ ఉండేది అందుకే. షీటు లేకుండా, పేరు తెలియకుండా ఇచ్చే ఆ మూడు నాలుగు గోలీల్లో తరచుగా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు ఒకటి, గ్యాస్ గోలీ ఒకటి, డెక్సామెథసోన్ లేదా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఒకటి కనిపిస్తాయి. మీ అమ్మగారి పొట్లంలో ఏముందో చూడకుండా నేను చెప్పలేను. కానీ ‘మంచిగనే ఉంది’ అన్నారు చూడండి, నా అనుమానం అక్కడే. స్టెరాయిడ్ పడితే నొప్పి పోతుంది, ఆకలి వేస్తుంది, మొహం నిండుగా అవుతుంది. ఇంట్లోవాళ్లు కోలుకుంటోంది అనుకుంటారు. లోపల షుగర్ ఎక్కుతూ ఉంటుంది, ముఖ్యంగా తిన్న తర్వాత. కాబట్టి పరగడుపున మాత్రమే చూసి ఊరుకోకండి. ఇక నొప్పి మందు రోజూ మింగితే, పన్నెండేళ్ల షుగర్‌తో ఇప్పటికే అలసిన కిడ్నీలకు ఇంకో దెబ్బ. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, బీపీ ఈ వారమే చూపించండి.

అయితే ఇది చదివి ఇవాళే పొట్లం ఆపేయకండి. వారాల తరబడి స్టెరాయిడ్ వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. ఒక్కసారిగా మానేస్తే వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి కూడా రావచ్చు. డాక్టరు చూసి మెల్లగా తగ్గించాలి. అట్లా తగ్గించేటప్పుడు షుగర్ కూడా దిగుతుంది కనుక ఇన్సులిన్ డోసు మార్చాల్సి రావచ్చు. సొంతంగా యూనిట్లు పెంచడం, తగ్గించడం వద్దు. ‘పంట పని అయ్యాక చూపిస్తాం’ అని వాయిదా వేసి, కాళ్ల వాపుతో వచ్చేవాళ్లను చూసీ చూసీ విసిగిపోయాను. రెండు రోజుల్లో ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి.

ఇక మీ ప్రశ్న. నకిలీ అనుకునే ముందు సిరంజి చూడండి. మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా ఒక ఎం.ఎల్.కు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూత ఉన్నది 100 యూనిట్ల సిరంజి. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. షాపులో ఉన్నదేదో ఇస్తారు, మనం గీతలు చూసి వేస్తాం. షుగర్ ఎట్లా దిగుతుంది?

తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ఐసు కట్టిన సీసా కరిగినా పనికిరాదు. తెరిచినదాన్ని నీడపట్టున చల్లటి చోట సుమారు 4 వారాలు వాడుకోవచ్చు. మన ఎండాకాలంలో ఫ్రిజ్ లేకపోతే నీళ్లతో తడిపిన మట్టికుండలో పెట్టండి. తెల్లగా ఉండే మిక్స్ ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య దొర్లించినా గడ్డలు కరగకపోతే పారేయండి. గంటో రెండు గంటలో కరెంటు పోయినంత మాత్రాన, మూసిన ఫ్రిజ్‌లోని మందు చెడిపోదు. రాత్రి షాపు కట్టేసేటప్పుడు మెయిన్ స్విచ్ కూడా ఆపేసి పోతారా అన్నది అడగండి, అసలు తేడా అక్కడ వస్తుంది. పెరుగు ప్యాకెట్లతో కలిపి పెట్టడం పద్ధతి కాదు. మాటిమాటికీ తలుపు తీస్తే చల్లదనం నిలవదు.

మంచి షాపు అంటారా? లైసెన్సు గోడకు ఉంటే చాలదు, ఫార్మసిస్టు మనిషి కౌంటర్‌లో ఉండాలి. షీటు కత్తిరించి ఇస్తే పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ డేటు కనిపిస్తున్నాయో లేదో చూడండి, డేటు ఉన్న కొస చాలాసార్లు షాపులోనే ఉండిపోతుంది. బ్యాచ్ నంబరుతో బిల్లు తీసుకోండి. పది రూపాయలు తగ్గిస్తారని బిల్లు వద్దనేది మనమే కదా. స్టెరాయిడ్లు షెడ్యూల్ హెచ్ మందులు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అనుమానం ఉంటే తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కు చెప్పవచ్చు.

ఈలోగా షుగర్ 300 దాటి వాంతులు, ఆయాసం, మగత కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇన్సులిన్ సీసా, సిరంజి, మిగిలిన గోలీల పొట్లం మూడూ తీసుకెళ్లండి. తిడతారని అమ్మగారు పొట్లం ఇంట్లోనే దాచి వస్తారు. మీరే జేబులో వేసుకోండి.