200 యూనిట్లు దాటించిన వంటింటి గీజరు

ప్రశ్న: హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లో నలుగురం ఉంటున్నాం. నవంబరులో పనిమనిషి మానేసినప్పటి నుంచి అంట్లు నేనే తోముకుంటున్నాను. చన్నీళ్లలో చేతులు పెట్టలేక సింకు దగ్గర 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు పెట్టించాం. అంతకుముందు నెలకు 180 యూనిట్లు కాలేది, ఇప్పుడు 240 కాలుతోంది, బిల్లు దాదాపు రెట్టింపైంది. 40 వేలతో వాయిదాల మీద డిష్‌వాషర్ కొంటే ఖర్చు కలిసొస్తుందని మావారు అంటున్నారు. కొనమంటారా?

జవాబు: ఆదా కోసమే అయితే కొనవద్దు. యూనిట్లు మూడో వంతే పెరిగినా బిల్లు అంతగా ఎందుకు పెరిగిందో ముందు చూద్దాం. తెలంగాణలో 2022-23 నుంచి ఉన్న గృహ వినియోగ ధరల ప్రకారం, నెల వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు రూ.3.40 చొప్పున, ఆ తర్వాతి వాటికి రూ.4.80 చొప్పున పడుతుంది. 200 దాటిన మరుక్షణం మొదటి యూనిట్ నుంచే రూ.5.10 లెక్కగట్టి, 200 పై వాటికి రూ.7.70 వేస్తారు. అంటే 200 యూనిట్లకు రూ.820 అయ్యే విద్యుత్ చార్జీ, 201కి రూ.1,028 అవుతుంది. ఇతర చార్జీలు పక్కన పెడితే, మీ 180 యూనిట్లకు రూ.724 అయ్యేది, 240కి రూ.1,328 అయింది. (ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్లాబు (అంచె) ధర ఆ స్లాబులోని యూనిట్లకే పడుతుంది కనుక అక్కడి పాఠకులకు ఈ గెంతు ఉండదు.) గృహజ్యోతి (200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు పథకం) వర్తించే కుటుంబమైతే నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే 200 దాటిన నెలలో సున్నా బిల్లు పోయి మొత్తం చెల్లించాలి.

ఇక పెరిగిన ఆ 60 యూనిట్ల సంగతి. ఇలాంటి గీజర్లు సాధారణంగా 3 కిలోవాట్లవి. కుళాయి తిప్పి ఉంచి, ధార కిందే పూటకు 20 నిమిషాలు తోమితే రోజుకు 2 యూనిట్లు, నెలకు సరిగ్గా 60. ఆ వేడిలో ఎక్కువ భాగం గిన్నెను తాకకుండానే సింకులోకి పోతుంది. అదే 5 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు వేడి చేయడానికి 0.15 యూనిట్ చాలు. రెండు పూటలకూ కలిపి నెలకు 9 యూనిట్లు.

కాబట్టి ఎంగిలి మెతుకులు దులిపేసి, అన్నం గిన్నె, పాల గిన్నె, గుడ్డు అంటిన పెనం చన్నీళ్లలో నానబెట్టండి. పాలు, గుడ్డు వేడి నీళ్లు తగిలితే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. టబ్బులో 5 లీటర్లు పట్టి గీజరు ఆపేసి, సబ్బు కలిపి, ముందు గ్లాసులు, తర్వాత కంచాలు, చివరికి నెయ్యి, నూనె జిడ్డున్న మూకుళ్లు తోమండి. తొలపడానికి చన్నీళ్లే చాలు. నానినవి తోమడానికి పట్టే సమయం కూడా తగ్గుతుంది కనుక చేతులు చలిలో ఉండేది కాసేపే. స్టవ్ మీద కాచుకోవడం చవకనుకోకండి. సిలిండర్ రూ.900 అనుకున్నా ఈ నీళ్లకు నెలకు రూ.70 పైన అవుతుంది, 200 లోపు స్లాబులో కరెంటుకైతే రూ.43.

ఇలా చేస్తే మీ వాడకం 189 యూనిట్ల దగ్గర ఆగుతుంది, చార్జీ రూ.767 అవుతుంది, నెలకు రూ.560 మిగులుతుంది. డిష్‌వాషర్ రోజుకు ఒకసారి తిరిగి యూనిట్ చొప్పున కాల్చినా నెలకు 30 యూనిట్లు. అప్పుడు మీరు 210 దగ్గర, అంటే గీతకు అవతలే ఉంటారు. మిగిలేది రూ.230. పైగా ఈ ఆదా చలికాలం నాలుగు నెలలకే. వేసవిలో చన్నీళ్లతో తోముకునే ఇంట్లో ఆ యంత్రం ఖర్చు పెంచుతుందే తప్ప తగ్గించదు. ఈ లెక్కన 40 వేలు తిరిగి వచ్చే ప్రసక్తే లేదు. మీ శ్రమ తగ్గించుకోవడానికి కొనాలనుకుంటే అది న్యాయమైన కారణమే. అలాంటప్పుడు దాన్ని సౌకర్యపు ఖర్చుగా రాసుకుని, వాయిదాలు లేకుండా, ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి పక్కన పెట్టాకే కొనండి.

ముందుగా ఒక పని చేయండి. ఈ వారం రెండు రోజులు పాత పద్ధతిలో, రెండు రోజులు టబ్బుతో తోమి, రోజూ రాత్రి ఒకే వేళకు మీటరులో కేడబ్ల్యూహెచ్ (యూనిట్ల) అంకె రాసుకోండి. రోజుకు ఒకటిన్నర యూనిట్‌కు పైగా తేడా కనిపించకపోతే మీ 60 యూనిట్లు వంటింట్లో కాక స్నానాల గీజరులో కాలుతున్నట్టు.